అరువు మాట, సొంత నోరు: కతోలిక ఉపదేశి శిక్షణలో ఒక నైతిక ప్రశ్న

తెలుగు కతోలికుల వాడుకలో ‘విచారణ’ అంటే న్యాయస్థానంలో జరిగేది కాదు. ఒక గురువు ఆలనలో ఉండే ఊళ్ల, గుడుల, కుటుంబాల సముదాయానికి అది పేరు. ఆ గురువు విచారణకర్త. కొన్ని విచారణలు కలిస్తే మేత్రాసనం. దానికి అధిపతి పీఠాధిపతి. ప్రొటెస్టంటు సంఘాల్లో బాప్తిస్మం అనేది ఇక్కడ జ్ఞానస్నానం. అక్కడ సంఘం, ఇక్కడ శ్రీసభ. పేతురు తమిళం మీదుగా రాయప్ప అయ్యాడు, పౌలు చిన్నప్ప అయ్యాడు, ఫ్రాన్సిస్ జేవియర్ ఫ్రాన్సిస్ శౌరి అయ్యాడు. పద్దెనిమిదో శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ రచించేనాటికే ఈ సమాజానికి తనదైన తెలుగు ఒకటి ఏర్పడుతూ వచ్చింది. ఆ తెలుగును పల్లెల్లోకి మోసుకెళ్లింది ప్రధానంగా కవులూ కాదు, గురువులూ కాదు. ఆ పని చేసినవాడికి కూడా ఈ పదజాలంలో ఒక పేరుంది: ఉపదేశి.

ఉపదేశి గురుపట్టం పొందినవాడు కాడు, మఠవాసి కాడు. ఊళ్లో ఇల్లూ వాకిలీ, ఆలుబిడ్డలూ ఉన్న గృహస్థు. విచారణ కేంద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు గురువు అప్పుడప్పుడు వచ్చి దివ్యబలిపూజ అర్పించి వెళతాడు. మిగిలిన ఆదివారాల్లో ప్రార్థన నడిపేదీ, వాక్యం చదివి వివరించేదీ ఉపదేశే. పిల్లలకు సత్యోపదేశం నేర్పి ప్రథమ సత్ప్రసాదానికి సిద్ధం చేస్తాడు, మంచం పట్టిన ముసలివారి పక్కన జపమాల చెబుతాడు, అర్ధరాత్రి చావుకబురు వస్తే అందరికన్నా ముందు వెళతాడు. పట్టణ విచారణల్లో ఇదే బోధనను ఆదివారపు తరగతుల్లో మఠకన్యలు, గృహిణులు, కాలేజీలో చదివే యువతులు చేస్తుంటారు. పేర్లు మారినా పని ఒకటే.

ఈ మనిషి బోధించే విషయంలో సొంతంగా కల్పించుకున్నది ఏమీ ఉండకూడదన్నది నియమం. త్రిత్వం గురించి, రక్షణ గురించి, మరణానంతర జీవితం గురించి అతడు చెప్పే ప్రతి వాక్యం శ్రీసభది. అయినా ఆ వాక్యం బిడ్డకు వినిపించేది అతడి గొంతులోనే. అది నమ్మదగినదో కాదో ఆ బిడ్డ తేల్చుకునేది అతడి ముఖం చూసి, అతడి నడవడి చూసి. మాట అరువుది, నోరు సొంతం. అరువు మాటను సొంత నోటితో పలికేవాడు దాని సత్యానికి ఎంతవరకు బాధ్యుడు? ఆ మాటను అరువిచ్చినవారు అతడికి ఏం బాకీ పడతారు? ఉపదేశుల శిక్షణ, పోషణ అనేవి సాధారణంగా పరిపాలనా విషయాలుగా చర్చకు వస్తాయి: తరగతులు ఎన్ని రోజులు, ఎవరు చెప్పాలి, ఖర్చు ఎవరిది అని. ఈ వ్యాసం వాటిని సత్యవాక్కుకు సంబంధించిన నైతిక ప్రశ్నగా పరిశీలిస్తుంది.

ప్రతిధ్వని – ఆప్తవాక్యం

ఐరోపా భాషల్లో ఈ బోధకుణ్ణి, బోధనను సూచించే మాటలన్నీ ‘కతెఖేయిన్’ అనే గ్రీకు క్రియ నుంచి వచ్చాయి. చెవిలో మారుమోగేలా చెప్పడం దాని మూలార్థం. ‘ఎఖో’ అనే మాట అందులోనే దాగి ఉంది. తెలుగు కతోలికులు స్వీకరించిన ‘ఉపదేశం’ మరో ఊహ మీద నిలిచింది. ‘దిశ్’ ధాతువుకు చూపడం అని అర్థం. ‘ఉప’ అంటే దగ్గర. దగ్గర నిలబడి చూపడం ఉపదేశం. ఒకటి చెవికి సంబంధించిన ఊహ, మరొకటి కంటికి సంబంధించినది. ఈ తేడా చిన్నది కాదు. ప్రతిధ్వనించే కొండకు మాట అర్థం తెలియనక్కరలేదు. చూపేవాడికి మాత్రం తాను చూపేది ఎక్కడుందో తెలిసి తీరాలి.

కతోలిక బోధన ఈ రెండు ఊహల్లో దేనిని ఎంచుకుంది? రెండవ జాన్ పౌల్ పోపు 1979 అక్టోబరు 16న వెలువరించిన ‘కతెకేసి త్రదెందే’ అనే ఉపదేశ పత్రం యోహాను సువార్తలోని ఒక సందర్భాన్ని గుర్తుచేస్తుంది. తన బోధ తనది కాదనీ, తనను పంపినవానిదనీ క్రీస్తు చెప్పిన సందర్భం అది. ఆ మాటను ప్రతి ఉపదేశీ తనకు అన్వయించుకోగలగాలని పత్రం కోరుతుంది. పైపైన చదివితే ఇది ప్రతిధ్వని వాదమే. కాని ఆ అధ్యాయంలోనే, కొద్ది వాక్యాల తరువాత, తనను పంపినవాణ్ణి తాను ఎరుగుదునని కూడా క్రీస్తు అంటాడు. బోధ తనది కాదనడం వేరు, దాని సంగతి తనకు తెలియదనడం వేరు. శిక్షణ చర్చల్లో మొదటి సగాన్ని మాత్రమే పట్టుకుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పగించే ఉపదేశే ఉత్తముడనుకోవడం ఆ వాక్యానికి అన్యాయం చేయడమే.

ఇక్కడ న్యాయదర్శనం ఒక పనిముట్టును అందిస్తుంది. ఆ దర్శనం ఆప్తుని ఉపదేశాన్నే శబ్దప్రమాణంగా నిర్వచించింది. ఆప్తుడెవరన్న ప్రశ్నకు భాష్యకారుడైన వాత్స్యాయనుడి వివరణ ప్రసిద్ధం. విషయాన్ని సాక్షాత్కరించుకున్నవాడు, తాను ఎరిగినదాన్ని ఎరిగినట్టే ఎదుటివారికి తెలియజేయాలన్న కోరికతో మాట్లాడేవాడు ఆప్తుడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమని కూడా ఆయన అంటాడు. పుట్టుక ఆప్తత్వానికి కొలత కాదని ఒక ప్రాచీన శాస్త్రగ్రంథం చెప్పడం గమనార్హం. ఈ వ్యాసం చివర దాని అవసరం మళ్లీ పడుతుంది.

అయితే ఈ నిర్వచనం ఉపదేశికి మొదట ఇబ్బందినే కలిగిస్తుంది. త్రిత్వాన్ని సాక్షాత్కరించుకున్న ఉపదేశి ఏ ఊళ్లో ఉన్నాడు? ఆ మాటకొస్తే ఏ పీఠంలో ఉన్నాడు? సాక్షాత్కారమే షరతయితే విశ్వాసబోధన అసాధ్యం. 1870లో వెలువడిన ‘గ్రామర్ ఆఫ్ అసెంట్’ గ్రంథంలో జాన్ హెన్రీ న్యూమన్ చేసిన విభజన ఈ చిక్కును కొంత విప్పుతుంది. ఒక ప్రతిపాదనను భావనగా మాత్రమే అంగీకరించడం ఒకటి, వాస్తవంగా మనసుకు పట్టించుకుని అంగీకరించడం మరొకటి అని ఆయన వేరు చేశాడు. ఒకే మనిషిలో ఈ రెండూ ఉంటాయి. దేవుని కరుణను ఉపదేశి తన బతుకులో ఎరిగి ఉండవచ్చు. శోధనాగ్నిస్థలం గురించిన బోధను శ్రీసభ చెబుతున్నది కనుక అంగీకరించి ఉండవచ్చు. రెండోది కపటం కాదు. రెండోదాన్ని మొదటిదానిలా నటించి చెప్పడం కపటం.

తెలుగు వ్యాకరణం ఈ సమస్యను మరే శాస్త్రమూ చూపనంత స్పష్టంగా చూపుతుంది. పరుల నోట విన్నదాన్ని చెప్పేటప్పుడు తెలుగువాడు వాక్యం చివర ‘ట’ చేరుస్తాడు. వాన పడిందట, పెళ్లి కుదిరిందట. ఆ ఒక్క అక్షరం వక్తను బాధ్యత నుంచి తప్పిస్తుంది. ఉపదేశి చెప్పేదంతా నిజానికి విన్నదే. న్యాయంగా చూస్తే ప్రతి వాక్యానికీ ‘ట’ చేర్చాలి. కాని దేవుడు నిన్ను ప్రేమిస్తాడట అని ఒక్కసారి అంటే చాలు, ఆ తరగతిలో సత్యోపదేశం అక్కడితో ముగుస్తుంది. పిల్లలు ఆ అక్షరాన్ని వెంటనే పట్టుకుంటారు. కాబట్టి ఉపదేశి ‘ట’ లేకుండానే మాట్లాడాలి. అలా మాట్లాడిన ప్రతిసారీ అరువు మాటకు తాను హామీదారు అవుతున్నాడు. హామీ సంతకం పెట్టేవాడికి పత్రంలో ఏముందో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకోవడం ఏ వ్యవహారంలోనైనా మోసమే. శిక్షణ లేకుండా ఉపదేశిని బోధకు పంపడం అంతకన్నా భిన్నమైనదని చెప్పడం కష్టం.

శౌరి సవరణ

1542లో గోవా చేరిన ఫ్రాన్సిస్ శౌరి ఆ తరువాత దక్షిణ తీరంలో ముత్యాలు తీసే పరవల మధ్య పనిచేశాడు. అతడికి తమిళం రాదు. రెండు భాషలూ తెలిసినవారి సాయంతో ప్రార్థనలను తమిళం చేయించి, వాటిని కంఠస్థం చేసి, వీధుల్లో గంట మోగిస్తూ పిల్లలను పోగుచేసి నేర్పాడు. ఊరికొక కణక్కపిళ్లైని నియమించి, తాను లేనప్పుడు ప్రార్థనలు చెప్పించే బాధ్యత అప్పగించాడు. దక్షిణ భారత ఉపదేశికి పూర్వరూపం ఆ కణక్కపిళ్లైలో కనిపిస్తుంది.

1544లో శౌరి తన సహచరుడికి రాసిన ఒక లేఖలో ఒక సవరణ ఉంది. విశ్వాసప్రమాణం తొలి వాక్యంలో ‘నమ్ముతున్నాను’ అనవలసిన చోట అంతవరకు ‘వేణుం’ అనే మాట వాడుతున్నారు. దాని అర్థం ‘కావాలి’ అని తెలిసిందనీ, ఇకపై విశ్వాసార్థం వచ్చే మాట పలకాలనీ అతడు సూచించాడు. అంతదాకా ఆ తీరంలో పిల్లలు, పెద్దలు విశ్వాసప్రమాణం చెబుతూ దేవుడు కావాలి అంటూ వచ్చారన్నమాట. తమిళ ‘వేండు’ తెలుగు ‘వేడు’కు చుట్టమని గుర్తుంచుకుంటే, వారు పలికింది మరీ అపచారమైన మాటేమీ కాదనిపిస్తుంది. కాని ఇక్కడ ప్రధానం అది కాదు. మాట అర్థం వినేవారికి తెలుసు, చెప్పేవాడికి తెలియదు. బోధకుడు ప్రతిధ్వనిగా ఉన్నంతకాలం అతడి తప్పు అతడికి వినపడదు. శౌరి గొప్పతనం ఆ తప్పు ఒప్పుకుని దిద్దడంలో ఉంది. దిద్దగలగడానికి అతడికి ఎవరో ఒకరు అర్థం చెప్పవలసి వచ్చింది.

కంఠస్థాన్ని తీసిపారేయడానికి ఈ ఉదంతాన్ని వాడుకోవడం తగదు. అక్షరజ్ఞానం అందని కులాలకు విశ్వాసం చేరింది నోటి మీదుగానే. తెలుగునాట పద్యం, కీర్తన, యక్షగానం నిలిచిందీ అలాగే. నోటికి వచ్చిన జపం ఆపదవేళ మనిషికి ఆసరా అవుతుంది. అర్థం తరువాత, కొన్నిసార్లు ఇరవై ఏళ్ల తరువాత తెలుస్తుంది. ఆధునిక బోధనాశాస్త్రం పేరుతో కంఠస్థాన్ని చిన్నచూపు చూసే ధోరణిలో కొంత తొందరపాటు ఉంది. కంఠస్థం దగ్గరే ఆగిపోయినప్పుడు మాత్రం దోషం మొదలవుతుంది. ‘విచారణ’ అనే మాటకు ఆలన, పర్యవేక్షణ అన్న అర్థం ఒకటైతే, విమర్శించి తెలుసుకోవడం అన్నది మరొకటి. ఉపదేశి శిక్షణ శిబిరాల్లో ప్రశ్నలూ జవాబులూ రెండూ అచ్చయి ముందే వచ్చేస్తే, మొదటి అర్థంలో విచారణ ఉంటుంది, రెండో అర్థంలో ఉండదు. అచ్చులో లేని ప్రశ్నను ఉపదేశి తాను అడగడం నేర్చుకోకపోతే, పిల్లవాడు అడిగినప్పుడు దాన్ని అపరాధంగానే చూస్తాడు.

విసుగు అనే విషయం

శిక్షణ గురించి రాసినవారిలో ఉపదేశి మనసులోకి తొంగి చూసినవారు అరుదు. ఆ అరుదైనవారిలో ప్రాచీనుడు పునీత అగుస్తీను. క్రీ.శ. 400 ప్రాంతంలో ఆయన రాసిన ‘దే కతెకిజాందిస్ రూదిబుస్’ అనే చిన్న గ్రంథం దేవోగ్రాతియాస్ అనే కార్తేజ్ నగరపు డీకనుకు జవాబుగా పుట్టింది. కొత్తగా విశ్వాసం గురించి తెలుసుకోవడానికి వచ్చేవారిని అందరూ దేవోగ్రాతియాస్ దగ్గరికే తీసుకువచ్చేవారు. జ్ఞానంలోనూ మాట తీపిలోనూ అతడికి మంచి పేరుంది. అతడి బాధ వేరు. కథనం ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడిదాకా చెప్పాలో తెలియడం లేదు. అన్నిటికన్నా మించి, మాట్లాడుతుండగానే తన మాట తనకే చప్పగా, విసుగ్గా తోస్తున్నది.

ఈ ఫిర్యాదుకు అగుస్తీను ఇచ్చిన జవాబులో మొదటిది మందలింపు కాదు, సహానుభూతి. తన ప్రసంగం తనకు కూడా దాదాపు ఎప్పుడూ నచ్చదని ఆయన ఒప్పుకున్నాడు. మనసులో మెరుపులా తోచిన అర్థానికి నాలుక మీది మాట ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ఆ వెలితి చెప్పేవాడికి తెలిసినంతగా వినేవాడికి తెలియదు. తరువాత ఆయన విసుగుకు కారణాలు వెతుకుతాడు. తెలిసినదాన్నే పదేపదే చెప్పవలసి రావడం, వినేవాడి ముఖంలో ఏ కదలికా లేకపోవడం, ఇష్టమైన పని మధ్యలో వదిలి రావలసి రావడం, ఎవరి తప్పిదం వల్లనో మనసు కుంగి ఉండగా మాట్లాడవలసి రావడం వాటిలో కొన్ని. ఒక్కొక్కదానికి చెప్పిన ఉపశమనం ఆచరణకు అందేది. మనకు అలవాటైపోయిన ఊరిని, చుట్టుపక్కల అందాలను మొదటిసారి వచ్చిన మిత్రుడికి చూపేటప్పుడు మనకే అవి కొత్తగా కనిపిస్తాయి కదా, పాత కథ చెప్పడమూ అలాంటిదే అంటాడు. వినేవాడు అలసినట్టు కనిపిస్తే ఏదైనా ఉల్లాసకరమైన మాట చెప్పమంటాడు, లేదా కూర్చోవడానికి ఆసనం ఇవ్వమంటాడు. అంత గంభీరమైన వేదాంతి ఆసనం గురించి ఆలోచించాడంటే, బోధన అనేది కాళ్లు నొప్పిపెట్టే శరీరాల మధ్య జరిగే పని అని ఆయన మరువలేదన్నమాట.

ఈ గ్రంథంలో ఉన్న సలహాల కన్నా, ఈ గ్రంథం ఉండటమే ప్రస్తుత చర్చకు ఎక్కువ విలువైనది. ఒక చిన్న పదవిలో ఉన్న బోధకుడు తనకు విసుగు పుడుతున్నదని రాశాడు. తలకు మించిన పనిలో ఉన్న ఒక పీఠాధిపతి దాన్ని అవిశ్వాసమని అనుమానించలేదు, ప్రార్థన చేసుకో అని ఒక్క మాటతో తోసెయ్యలేదు. కూర్చుని ఒక గ్రంథమే రాశాడు, అందులో నమూనా ప్రసంగాలు పొడవుదొకటి, పొట్టిదొకటి రాసిచ్చాడు. ఉపదేశికి అండగా నిలవడం అంటే ఏమిటో దీనికన్నా మంచి ఉదాహరణ దొరకదు. దేవోగ్రాతియాస్ రాసినట్టు రాయగల స్వేచ్ఛ నేటి పల్లె ఉపదేశికి ఉందా అన్నది వేరే ప్రశ్న. తన మాట తనకే చప్పగా ఉందని గురువుతో చెప్పుకుంటే ఉన్న పని పోతుందేమోనన్న భయం ఉన్నచోట విసుగు లోపలే ఉండి అలవాటుగా గట్టిపడుతుంది. పైకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. పిల్లలు జపాలు తప్పులేకుండా చెబుతారు, పరీక్షలో మార్కులు వస్తాయి. ‘ట’ మాత్రం, పలకకుండానే, ప్రతి వాక్యం చివరా వినిపిస్తుంటుంది.

1997 నాటి ఉపదేశ మార్గదర్శి శిక్షణను మూడు పార్శ్వాలుగా చూసింది: ఉపదేశి ఎవరుగా ఉండాలి, ఏం తెలిసి ఉండాలి, ఏం చేయగలగాలి. 2020 నాటి కొత్త మార్గదర్శి మొదటిదానికి ‘తోడుగా ఉండటం తెలియడం’ అనే మరో మాట జతచేసింది. ముండకోపనిషత్తు గురువుకు చెప్పిన రెండు లక్షణాల్లో, అంటే శ్రోత్రియత్వం, బ్రహ్మనిష్ఠలలో, చదువుకూ నిష్ఠకూ చోటుంది. తోడుగా ఉండటం విడిగా చెప్పలేదు. బహుశా అరణ్యంలో గురువూ శిష్యుడూ ఒకే కప్పు కింద బతికారు కనుక చెప్పవలసిన అవసరం రాలేదేమో.

జీతం మాట

వేతనం దగ్గరికి వచ్చేసరికి పత్రాల భాష స్పష్టంగానే ఉంది, ఆచరణే నసుగుతుంది. 1965 డిసెంబరు 7న రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన ‘అద్ జెంతెస్’ శాసనం ఉపదేశులను ప్రశంసించడంతో ఆగలేదు. పూర్తికాలం ఈ పనికే అంకితమైనవారికి న్యాయమైన వేతనం, సామాజిక భద్రత ఉండాలని కోరింది. 1983 నాటి శ్రీసభ చట్టసంహిత 231వ నిబంధన శ్రీసభ సేవకు నియుక్తులైన గృహస్థులకు తగిన శిక్షణను బాధ్యతగా, తమకూ తమ కుటుంబానికీ సరిపడే వేతనాన్ని హక్కుగా పేర్కొన్నది. రెండూ ఒకే నిబంధన కింద ఉండటం యాదృచ్ఛికం కాకపోవచ్చు. అంతకుముందు నాలుగు శతాబ్దాల క్రితమే, పోర్చుగల్ రాణి పాదరక్షల ఖర్చుకు కేటాయించిన ముత్యాల తీరపు రాబడిని తన కణక్కపిళ్లైల జీతాలకు ఇప్పించమని శౌరి కోరాడు. అడగడానికి అతడికి సిగ్గు లేదు.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది బలహీనమైనది కాదు. జీతం తీసుకునే నోరు జీతమిచ్చేవాడికి కట్టుబడుతుంది. మందను విడిచి పారిపోయే జీతగాడి పోలిక సువార్తలోనే ఉంది. విశ్వాసబోధ వృత్తి అయితే సాక్ష్యం పలచబడుతుంది. ఉచితంగా పొందినదాన్ని ఉచితంగా ఇవ్వాలి. ఈ వాదనను ఎవరు చేస్తున్నారన్నది చూడాలి. ఉపదేశి తనంతట తాను ఇలా అని వేతనాన్ని వదులుకుంటే అది త్యాగం. వేతనం ఇవ్వవలసినవారు ‘సేవ’ అనే మాటను అడ్డుపెట్టుకుని అతడి తరఫున త్యాగం ప్రకటిస్తే దానికి ఆ పేరు చెల్లదు. పైగా నోటిని కట్టేసేది జీతం ఒక్కటే కాదు. నెలనెలా హక్కుగా అందని డబ్బు, పండుగకో పబ్బానికో దయగా అందే డబ్బు అంతకన్నా గట్టిగా కట్టేస్తుంది. హక్కుగా వచ్చే జీతం తీసుకునేవాడు ఎదురు ప్రశ్న వేయగలడు. దయ మీద బతికేవాడు వేయలేడు. ఆదివారపు తరగతులు నడిపే స్త్రీల విషయంలో ఈ ప్రశ్న అసలు ఎత్తుకోవడమే జరగదు. వారి శ్రమ వంటింటి శ్రమలాగే లెక్కకు రాని ఖాతాలో పడుతుంది.

2021 మే 10న ఫ్రాన్సిస్ పోపు ‘అంతీకుమ్ మినిస్తేరియుమ్’ అనే పత్రం ద్వారా ఉపదేశిత్వాన్ని గృహస్థులకు, స్త్రీపురుషులిద్దరికీ, అధికారిక పరిచర్యగా స్థాపించాడు. మరుసటి ఏడాది జనవరిలో వాటికన్‌లో తొలిసారి ఆ పరిచర్యను స్వయంగా ప్రదానం చేశాడు. వాక్యపరమైన, వేదాంతపరమైన, బోధనాపరమైన శిక్షణ ముందుగా ఉండాలని ఆ పత్రం షరతు పెట్టింది. గౌరవం పెరిగింది, నిస్సందేహం. బల్ల మీద అన్నం సంగతి మాత్రం ఎక్కడి మేత్రాసనం అక్కడే తేల్చుకోవాలి.

బిడ్డ అడిగే ప్రశ్న

ఇంతవరకు ప్రస్తావించిన చిక్కులన్నీ తెలుగు పల్లెలో ఒక చోట కలుస్తాయి. ఉపదేశి పిల్లలకు గలతీయులకు రాసిన లేఖలోని బోధ చెబుతాడు: క్రీస్తులో జాతిభేదం, దాసుడు స్వతంత్రుడు అన్న భేదం, స్త్రీపురుష భేదం లేవని. శ్మశానం కులానికొకటిగా ఉన్న ఊళ్లో, ఒకే గుడికి వచ్చే రెండు వాడల మధ్య పెళ్లి మాటే పుట్టని ఊళ్లో, ఒక బిడ్డ లేచి మరి మనూళ్లో ఎందుకుందని అడుగుతాడు. అచ్చులో లేని ప్రశ్న అది. అగుస్తీను చెప్పిన కారణాల్లో చివరిది, పరుల తప్పిదం వల్ల మనసు కుంగి ఉండగా బోధించవలసి రావడం, ఇక్కడ ఏనాడో ఒకరోజు వచ్చే ఇబ్బంది కాదు. ప్రతి ఆదివారం ఉండేదే.

ఆ ఉపదేశి దళితుడైతే చిక్కు మరింత లోతుకు వెళుతుంది. 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు క్రైస్తవ దళితులకు షెడ్యూల్డ్ కులాల హోదా ఇవ్వదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించినప్పుడూ క్రైస్తవులు బయటే ఉండిపోయారు. తెలుగు రాష్ట్రాల్లో వారు వెనుకబడిన తరగతుల్లో ‘సి’ వర్గం కింద ఉన్నారు. గుడిలో ఒక పేరు, ధ్రువపత్రంలో మరో పేరుతో బతకవలసి రావడం ఎన్నో కుటుంబాల అనుభవం. అలాంటి ఇంటినుంచి వచ్చిన ఉపదేశి పది ఆజ్ఞల్లో ఎనిమిదోదాన్ని, అబద్ధసాక్ష్యం పలకరాదన్న దాన్ని, అలాంటి ఇళ్లనుంచే వచ్చిన పిల్లలకు నేర్పాలి. వారిని దోషులనడం అన్యాయం. కులం విధించిన బాధ మతం మారితే పోతుందని నటించే చట్టంలోనే ముందు అసత్యముంది. కాని ఈ సంగతి ఉపదేశి శిక్షణలో పాఠంగా రాకపోతే, ఎనిమిదో ఆజ్ఞ చెప్పేటప్పుడు అతడి గొంతు ఒంటరిగా తడబడుతుంది. ఆ తడబాటును పిల్లలు అతడి బలహీనతగా లెక్కిస్తారు.

2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారతపై ఒక విధానపత్రం విడుదల చేసింది. శ్రీసభ లోపల కూడా కులవివక్ష, అంటరానితనం ఉన్నాయని అందులో ఒప్పుకుని దాన్ని ఘోరమైన సామాజిక పాపమని ఖండించింది. 2022 ఆగస్టులో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని కార్డినల్ అయ్యారు; తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆ పదవి అందుకున్న తొలి వ్యక్తి ఆయన. వాత్స్యాయనుడు ఆప్తత్వానికి పుట్టుకతో పని లేదన్న మాట పీఠం మీద ఇలా నిజమైంది. గుడి వసారాలో చాప మీద కూర్చున్న తరగతిలో నిజం కావాలంటే ఆ 2016 నాటి పత్రం సత్యోపదేశ పుస్తకం పక్కన ఉపదేశి చేతిసంచిలో ఉండాలి, దాన్ని చదివించి చర్చించిన శిక్షణ అతడి వెనక ఉండాలి.

అప్పుడు బిడ్డకు అతడు చెప్పగల జవాబు ఒకటుంది. ఊళ్లో ఉన్నది తప్పు, దాన్ని పాపమని మన పీఠాధిపతులే రాశారు, ఎందుకు ఇంకా పోలేదో నాకూ పూర్తిగా తెలియదు. ఈ జవాబులో మొదటి మాటకు అతడే హామీదారు. రెండోది అరువుది, ఎవరిదో చెప్పి మరీ వాడుకున్నది. మూడోది తన అజ్ఞానాన్ని దాచకుండా చెప్పినది. దేనికీ ‘ట’ అక్కరలేదు. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. మరునాడు పై వాడ పెద్దలు ఇద్దరు ముగ్గురు విచారణకర్త గదికి వెళతారు, ఉపదేశిని మార్చమని అడుగుతారు.